పిల్లాడి లిస్టులో నానమ్మ లేదు

ప్రశ్న

నాకు 41 ఏళ్ళు. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి. మా అత్తగారిది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. ఏటా సంక్రాంతికి అక్కడికే వెళ్తాం.

ఈసారి బాబుకి స్కూల్లో సెలవుల హోంవర్క్ ఇచ్చారు. వాడు కృతజ్ఞతగా ఉన్న పది విషయాలు రాసుకురావాలట. తిరుగు ప్రయాణంలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు కదలకుండా నిలిచిపోతే అక్కడే కూర్చుని రాసేశాడు. వైఫై, నాన్న ఫోను, ఛార్జరు, బిర్యానీ, క్రికెట్ బ్యాటు, ఊళ్ళో కుక్క, బోరు కింద స్నానం, బాబాయి బైకు, తీర్థంలో కొన్న జీళ్ళు, అరిసెలు. అంతే. అరిసెలున్నాయి, అవి చేసిన నానమ్మ లేదు. నేనూ లేను. మా అత్తయ్యకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మనవడికి ఇష్టమని పొయ్యి దగ్గర కూర్చుని రెండు డబ్బాల అరిసెలు చేశారు. ఆ లిస్టు చూస్తే ఆవిడ ఏమనుకుంటారు?

వాడికి చెప్పే ముందు నేనే రాసి చూద్దామని కూర్చున్నాను. "ఆరోగ్యం, కుటుంబం" అని రాసి ఆగిపోయాను. నిజం చెప్పాలంటే ఈ పండగలో నాకు మిగిలిన సంతోషం, తెల్లవారుజామున ఎవరూ లేవకముందు వాకిట్లో ఒక్కదాన్నే కూర్చుని ముగ్గు వేసుకున్న సమయం. నేను లేచేసరికే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ఉండేది. చిన్నప్పుడు మా మేనత్త నేర్పిన చుక్కల ముగ్గులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని వేశాను. తర్వాత రోజంతా వంటిల్లే, పధ్నాలుగు మందికి. మావారు, మా మరిది మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గరికి వెళ్ళిపోయేవారు. ముగ్గు సంగతి మావారితో అంటే నవ్వి, "వాడికి నేర్పే ముందు నువ్వు నేర్చుకో" అన్నారు.

ఇంతమంది నా వాళ్ళు చుట్టూ ఉంటే నాకు ఒక్కదాన్నే ఉన్న ఆ కాసేపే బాగుందంటే నేను స్వార్థపరురాలినా? పిల్లలకి కృతజ్ఞత ఎలా నేర్పాలి? లిస్టు మళ్ళీ రాయించమంటారా? సోమవారం ఇవ్వాలి.

- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు

లిస్టు మార్చకండి. సోమవారం అలాగే ఇచ్చి పంపండి. మీరు పక్కన కూర్చుని "నానమ్మ అని రాయి, అమ్మ అని రాయి" అంటే వాడు రాస్తాడు, టీచరుగారు టిక్కు పెడతారు. వాడికి మాత్రం ఇలాంటి చోట పెద్దవాళ్ళకు నచ్చేదే రాయాలని తెలిసిపోతుంది. పదేళ్ళకే అంత లౌక్యం అక్కర్లేదు.

పైగా ఆ లిస్టు మీరు బాధపడినంత పాడుగా ఏమీ లేదు. మొదటి మూడూ వదిలేయండి. టోల్‌ప్లాజా దగ్గర ఇరుక్కున్న ఏ పిల్లాడికైనా ముందు గుర్తొచ్చేది ఛార్జరే. ఆఖరి ఐదూ చూడండి. ఊళ్ళో కుక్కకి రోజూ ఇంత అన్నం పెట్టేదెవరు? వాడు బోరు కింద గెంతుతుంటే మోటారు కట్టేయకుండా చూస్తూ నిలబడ్డదెవరు? బాబాయి బైకు అన్నాడంటే దాని మైలేజీ నచ్చి కాదు కదా, ముందు కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీద తిప్పిన బాబాయి నచ్చి. జీళ్ళు ఎవరో కొనిపెట్టారు. అరిసెల సంగతి సరేసరి. పదింట్లో సగం మనుషులే ఉన్నారు, పేర్లు రాయలేదంతే.

ఆ వయసు పిల్లలకి చేతిలోకి వచ్చిన వస్తువు ముందు కనిపిస్తుంది. ఇచ్చిన చెయ్యి కనపడాలంటే మూడు సంగతులు తెలియాలి. ఒకటి, ఇది ఎవరో కావాలని నా కోసం చేశారు. రెండు, దానికోసం వాళ్ళు ఏదో పోగొట్టుకున్నారు, నిద్రో డబ్బో ఓపికో. మూడు, దానివల్ల నాకు మేలు జరిగింది. మీవాడికి మూడోది బాగా తెలుసు, అందుకే రాశాడు. మొదటి రెండూ వాడికి ఎవరూ చూపించలేదు. "నానమ్మకి థాంక్స్ చెప్పు" అని వెనకనుంచి తోస్తే అవి తెలియవు. అలా తోస్తే సిగ్గుపడేది పిల్లాడొక్కడే కాదు, ఆవిడా ఇబ్బంది పడతారు.

అరిసెల దగ్గరే మొదలుపెట్టండి. వాటి వెనక ఎంత పనుందో మీకు తెలుసు, వాడికి తెలీదు. ముందు రోజే బియ్యం నానపోయాలి. వార్చి, గుడ్డ మీద ఆరబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే పిండి ఆడించి జల్లించుకోవాలి. బెల్లం పాకం దగ్గర చూపు తిప్పడానికి లేదు. ఇంత నీళ్ళలో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసి, సరిగ్గా ఆ క్షణాన దించాలి. ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతైతే నూనెలో విచ్చిపోతుంది. చలిమిడి కలపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో తిప్పాలి. ఆ తర్వాత ఒక్కొక్కటీ తట్టడం, వేయించడం, చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కడం. ఇదంతా మోకాళ్ళ నొప్పులతో పొయ్యి ముందు కూర్చుని.

ఇది పాఠంలా చెప్తే మీవాడు వినడు. ఫోన్ చేసి ఆవిడనే అడగమనండి. "నానమ్మా, పాకం అయిందని నీకెలా తెలుస్తుంది?" ఈ ఒక్క ప్రశ్న చాలు. వంట బాగా చేసే ఏ పెద్దావిడైనా దీనికి పావుగంట జవాబు చెప్తుంది, మధ్యలో తన అత్తగారి పాకం సంగతీ వస్తుంది. వచ్చే ఏడు చలిమిడి కలిపేటప్పుడు పిండి పోసే పని వాడికి ఇవ్వండి. ఒలకబోస్తాడు. పోయనివ్వండి. చెయ్యి నొప్పెట్టిన పిల్లాడికి అరిసె వేరే రుచిగా ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. "నానమ్మ ఎంత కష్టపడిందో చూశావా, నువ్వు తలుచుకోను కూడా లేదు" అనే దాకా మాత్రం వెళ్ళకండి. మన ఇళ్ళల్లో కృతజ్ఞత పేరుతో జరిగేది చాలాసార్లు బాకీ వసూలే. "నీకోసం నేను ఎంత చేశానో" అని మొదలైన వాక్యం ఏ పిల్లాణ్ణీ దగ్గరికి తీసుకురాలేదు. వాడు తల దించుకుంటాడు, మనం గెలిచామనుకుంటాం, పెద్దయ్యాక పండక్కి రావడానికి సెలవు దొరకలేదంటాడు.

ఇక మీ లిస్టు సంగతి. మీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు రాసి దాటేశారు, నేను అక్కడే ఆగిపోయాను. "నేను లేచేసరికే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ఉండేది." ఎవరు చల్లారు? పనిమనిషైతే మీరు ఆ మాట రాసేవారే. మీవారు, మీ మరిది అయితే అదే పెద్ద వార్త అయ్యుండేది, ఉత్తరం దానితోనే మొదలయ్యేది. నా అంచనా మీ అత్తగారే. పుష్యమాసపు చలిలో, ఆ మోకాళ్ళతో, మీకన్నా ముందు లేచి వాకిలి తడిపి పెట్టి, మీరు బయటికి వచ్చేసరికి లోపలికి వెళ్ళిపోయి ఉంటారు. నా అంచనా నిజమైతే, మీ అబ్బాయి లిస్టులో లేని మనిషే మీ లిస్టులోనూ లేరు. వాడు అరిసెలు రాసి ఆగాడు, మీరు ముగ్గు దగ్గర ఆగారు. తల్లీకొడుకులు ఒకేలా రాశారంటే నాకు కాస్త ముచ్చటగానే ఉంది.

దీన్ని తప్పుగా తీసుకోకండి. మీరు ఆవిణ్ణి అడగవలసింది ఒకటుంది. పల్లెటూళ్ళో ఆ వయసావిడ ముగ్గులు వేయకుండా పెరిగి ఉండరు. కింద కూర్చుని, వంగి, చుక్క చుక్కకీ జరుగుతూ వేసే పని మోకాళ్ళు పోయాక కష్టం. నీళ్ళు చల్లడం మాత్రం నిలబడి చేయొచ్చు. తను చేయగలిగిన సగం చేసి మిగతా సగం కోడలికి వదిలారేమో. "అత్తయ్యా, మీరు ఏ ముగ్గులు వేసేవారు?" అని ఫోన్‌లో అడిగి చూడండి. మీ మేనత్తగారి ముగ్గులతో పాటు ఆవిడవీ మీ పుస్తకంలోకి వస్తాయి. అవి ఆవిడతో పోకూడదు.

ఇప్పుడు స్వార్థం మాట. మీవారు మూడు రోజులు బరుల దగ్గర ఉన్నారని మీరే రాశారు. కోర్టులు వద్దన్నా ఆగని ఆ పందేల మంచిచెడ్డలు ఇప్పుడు మాట్లాడను, అది వేరే ఉత్తరానికి దాచుకుంటాను. కానీ ఆ మూడు రోజులు ఆయన్ని స్వార్థపరుడని ఎవరైనా అన్నారా? ఆయనైనా అనుకున్నారా? పండగంటే మగవాళ్ళకి అదే కదా అని అందరూ ఊరుకున్నారు. మీరు అందరూ నిద్రపోతున్నప్పుడు, ఎవరి పనీ ఆగకుండా, ఇంటికే అందం వచ్చే పని ఒకటి చేసుకుని, అది బాగుందని ఒక్క మాట అన్నందుకు మీకు పాఠం చెప్పారు. పధ్నాలుగు మందికి వండి వడ్డించిన మనిషికి కుటుంబం అని రాయగానే కలం ఆగిపోవడంలో వింతేముంది? మీ ఒళ్ళు అలిసిపోయింది. అలసట తీరకముందు ఎవరి మీదా ప్రేమ లేనట్టే ఉంటుంది, దాన్ని మనసు గట్టిపడిందని లెక్కేసుకోకండి.

ముగ్గు తక్కువ పనేమీ కాదు. చుక్కల వరసల్లో ఒక్కటి తప్పినా మెలిక ఎక్కడో కలవకుండా మిగిలిపోతుంది. చెయ్యి వేసే గీత ఇంకా పడకముందే కన్ను దాన్ని చూసి ఉండాలి. మన ముగ్గులకి దగ్గరి చుట్టాలైన తమిళుల కోలాల్లోని ఆ క్రమాన్ని చూసి మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో కంప్యూటర్ శాస్త్రంలో ఒక పరిశోధన పత్రమే రాశారు. మీవారిది ఐటీ ఉద్యోగమైతే ఈ ముక్క ఆయనకి కాఫీతో పాటు వినిపించండి. ఆ పని చేస్తున్నంతసేపు మనసు ఇంకోచోటికి పోదు. ఈఎంఐ, ఆఫీసులో అప్రైజలు, పాప మార్కులు, ఏవీ ఆ చుక్కల మధ్య పట్టవు. ఏడాదిలో మీకు అలాంటి సమయం ఇంకెప్పుడు దొరుకుతోంది? అందుకే అది గుర్తుండిపోయింది.

అందులో మీరు నిజంగా ఒంటరిగా ఉన్నారని కూడా నేను ఒప్పుకోను. నేర్పిన మేనత్త ఉంది, తడిపిన అత్తగారు ఉన్నారు, తెల్లారాక ఆ దారిన పోతూ "ఎవరేశారమ్మా?" అని ఆగిన ఊరి ఆడవాళ్ళు ఉండే ఉంటారు. ముగ్గు వాకిట్లో వేసేది దారిన పోయేవాళ్ళ కోసం కూడా. రథం ముగ్గు తెలుసు కదా మీకు. కనుమకో ముక్కనుమకో రథం వేసి, దాని తాడు గీతను గుమ్మం దాటించి వీధిలోకి లాగి పక్కింటి రథం తాడుకి కలుపుతారు. అలా ఇంటింటికీ కలుపుకుంటూ వీధి చివరిదాకా ఒకటే తాడు. ఆ పక్కింటావిడతో ఏడాదంతా మాటల్లేకపోయినా ఆ రోజు గీత మాత్రం కలపాల్సిందే. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

మీ అత్తగారి ఊరి చుట్టుపక్కల ఇంకా పెద్దది ఉంది, మీవాడు జీళ్ళు కొన్నది అక్కడే అనుకుంటా. కనుమనాడు జగ్గన్నతోటకి 11 ఊళ్ళ రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద వస్తారు. గుడి లేదు, గోపురం లేదు, కొబ్బరితోట. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కౌశిక నది నీళ్ళలోంచి భుజాల మీద దాటిస్తారు. "అశ్శరభ శరభ" అని అరుస్తూ పచ్చటి చేలకు అడ్డంపడి నడుస్తారు. చేను తొక్కుడుపడినా ఆ రైతు నోరెత్తడు, దేవుడు తన చేలోంచి నడిచాడని సంబరపడతాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. మీవాడికి అక్కడ గుర్తున్నది జీళ్ళు. ఫరవాలేదు. ఈ ఏడు జీళ్ళు, ఇంకో నాలుగేళ్ళకి ప్రభకి ఒక భుజం. కాకపోతే వాడికి ఆ చేను ఎవరిదో చూపించండి. "మన కోసం ఆయన చేను తొక్కనిచ్చాడు" అంటే పదేళ్ళవాడికి అర్థమవుతుంది, తన బ్యాటు ఇంకొకడికి ఇవ్వడం ఎంత కష్టమో వాడికి తెలుసు కాబట్టి.

నిజానికి సంక్రాంతి నాలుగు రోజులూ ఎవరికో ఏదో చెల్లించడంతోనే నడుస్తాయి. పండగనాడు పోయిన పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం. కనుమనాడు పశువులకి. చూరుకి వేలాడదీసే వరికంకుల కుచ్చు పిచ్చుకలకి. ధనుర్మాసమంతా తిరిగిన హరిదాసు వస్తే ఆయన తల మీది పాత్రలో పిల్లల చేత బియ్యం పోయిస్తాం, వాళ్ళకి అందేలా ఆయన కిందికి వంగుతాడు. (ఇప్పుడు కొందరు మోపెడ్ మీద వస్తున్నారు, కీర్తన స్పీకర్లోంచి. అయినా పాత్ర పాత్రే.) ఒకప్పుడు కళ్ళంలో ధాన్యం ఇంటికి చేరకముందే చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర కొలిచేవారు. దాన్ని ఇప్పుడు మనం పెద్దమనసుగా చెప్పుకుంటాం గానీ అది వాళ్ళ ఏడాది కూలి, చాలాచోట్ల చాలని కూలి. జీతం ఇచ్చి దానం చేశామనుకునే అలవాటు మనకి పాతదే. పిల్లలకి ఈ తేడా కూడా తెలియాలి. చెట్టెక్కి కొబ్బరి దింపు తీసే మనిషికి కూలి ఇవ్వడం మన బాధ్యత. ఆయన పేరు తెలుసుకుని, ఆయన దిగాక ఒక గ్లాసు మజ్జిగ మీవాడి చేత ఇప్పించడం దానిపైన.

ఇవన్నీ ఊళ్ళో సరే, నిజాంపేటలో ఏం చేయాలంటారేమో. పండక్కి మీ అపార్ట్‌మెంట్ సగం ఖాళీ అయి ఉంటుంది. మీరు లేని రోజుల్లో మీ తులసికోటలో నీళ్ళు ఎవరు పోశారు? గేటు దగ్గర రాత్రంతా ఉన్న వాచ్‌మన్ తన ఊరికి వెళ్ళాడా? చాలాచోట్ల వెళ్ళడు, అందరూ వెళ్తారు కాబట్టి. మీరు తెచ్చిన రెండు డబ్బాల్లోంచి కొన్ని అరిసెలు, జంతికలు ఒక కవర్లో పెట్టి మీవాడి చేతికిచ్చి పంపండి. మీరు వెంట వెళ్ళకండి, ఫొటో తీయకండి. "మా నానమ్మ చేసింది" అని వాడే చెప్పి ఇస్తాడు. ఆ మాట వాడి నోటి నుంచి వచ్చిందంటే లిస్టులో లేని పేరు వాడు చెప్పినట్టే.

ఇలా రాయించే స్కూళ్ళని నేను తప్పుపట్టను. ఈ పద్ధతికి కొంత ఆధారం ఉంది. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థుల చేత వారానికోసారి, ఐదుకి మించకుండా ఇలాంటివి రాయించారు. విసుగులూ చికాకులూ రాసినవాళ్ళ కంటే వీళ్ళు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నారు. ఆ తర్వాత సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చూస్తే, వారానికి ఒకసారి రాసినవాళ్ళకి మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్ళకి కనిపించలేదు. రోజూ రాస్తే అదీ పళ్ళు తోముకోవడంలా అయిపోతుంది మరి. మీరూ రాయాలనుకుంటే ఆదివారం ఒక్కసారి రాయండి. "ఆరోగ్యం, కుటుంబం" లాంటివి రాయకండి, అవి ఎవరి లిస్టులోనైనా పట్టే మాటలు కాబట్టే మీ కలం ఆగిపోయింది. "నేను లేవకముందు కళ్ళాపి" అని రాయండి. ఆ పక్కన మనిషి పేరు రాయండి. పేరు లేనిదైతే అది ఆ వారానికి వద్దు.

మీ పాప గురించి మీరు ఉత్తరంలో తొమ్మిదో తరగతి అని తప్ప ఇంకేమీ రాయలేదు. ఆ వయసు పిల్ల ఈ గొడవంతా కార్లో వెనక సీట్లో కూర్చుని విని ఉంటుంది. ఆ పిల్లకి నీతులు చెప్పకండి, చుక్కలు పెట్టడం నేర్పండి. అపార్ట్‌మెంట్ టైల్స్ మీద పొడి ముగ్గు నిలవదు, గాలికి లేచిపోతుంది. నేల తడిపి చాక్‌పీస్‌తో వేస్తే ఆరాక తెల్లగా తేలుతుంది. శనివారం సాయంత్రం ఒక అరగంట చాలు. పక్క ఫ్లాటువాళ్ళు ఎలాగూ లిఫ్టు కోసం అక్కడే నిలబడతారు, వాళ్ళలో ఒకరికి చుక్కల లెక్క తెలిసే ఉంటుంది. అడగకుండానే సలహా ఇస్తారు చూడండి. నిజాంపేటలో మీకు కాస్త తెలిసిన మనుషులు ఏర్పడేది అలాగే, అసోసియేషన్ మీటింగుల్లో కాదు. అక్కడ పార్కింగు గొడవలు తప్ప ఏం తేలతాయి?

మిగిలింది మీవారు. ఆయన చెడ్డవారని మీ ఉత్తరంలో నాకెక్కడా కనపడలేదు, అలవాటు పడిన మనిషి, అంతే. "వాడికి నేర్పే ముందు నువ్వు నేర్చుకో" అన్న మాటకి జవాబు మాటలతో ఇవ్వకండి. వచ్చే పండక్కి ఇప్పుడే పని పంచండి, డిసెంబరులో అయితే ప్రయాణాల హడావుడిలో కొట్టుకుపోతుంది. తెల్లవారుజామున కళ్ళాపి ఆయన చల్లాలి, అమ్మ మోకాళ్ళు ఆయన అమ్మవే కదా. కనుమనాడు గారెలకి మినప్పప్పు నానపోసి రుబ్బే పూచీ అన్నదమ్ములిద్దరిదీ. కనుమనాడు కాకి కూడా కదలదంటారు, కాబట్టి ఆ రోజు బరికి కూడా కదలక్కర్లేదు. పెద్దావిడ కుర్చీలో కూర్చుని మీ అమ్మాయికి ముగ్గు చెప్తుంటే మీరు ఆ పూట వంటింట్లోకి వెళ్ళకండి. పధ్నాలుగు మందికి ఒక పూట భోజనం కాస్త ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు. దీనికి మీవారు ఒప్పుకోకపోతే నాకు మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరం మాత్రం ఆయన చేతే రాయించండి, ఎందుకు కుదరదో ఆయన మాటల్లోనే వింటాను.